డీసీలో ఆఫ్రికన్ ఆర్ట్ మ్యూజియం ఎలా చూడాలి: మా మామయ్య గారితో వెళ్లొచ్చాక తెలిసినవి

అమ్మానాన్నలో అత్తమామలో ఇండియా నుంచి వచ్చారంటే నార్తర్న్ వర్జీనియాలో ఉండే మనందరి డీసీ ప్రోగ్రామ్ ఒకటే కదా, లింకన్ మెమోరియల్ మెట్ల మీద ఫోటో, వైట్‌హౌస్ కంచె బయట ఫోటో, ఎయిర్ అండ్ స్పేస్ మ్యూజియంలో పిల్లలు రాకెట్ల వెనక పరిగెత్తడం, సాయంత్రానికి కాళ్లు పీకుతున్నాయంటూ ఇంటికి. నేనూ ఆరేడుసార్లు అదే తిప్పా. ఈసారి ఎయిర్ అండ్ స్పేస్‌కి పాస్‌లు బుక్ చేయడం మర్చిపోయా, మా ఆవిడ చూసిన చూపు ఇక్కడ రాయలేను, సరే ఎక్కడో ఒక చోటికి వెళ్లాలి కదా అని ఆఫ్రికన్ ఆర్ట్ మ్యూజియంలో దూరాం. గంటలో బయటికొచ్చేద్దాం అనుకున్నవాళ్లం మూడు గంటలున్నాం. ఆ తర్వాత ఇంకో రెండుసార్లు వెళ్లా, ఒకసారి ఒక్కణ్ణే. ఎవరైనా వెళ్లేవాళ్లుంటే ఎలా చూస్తే బాగుంటుందో చెప్దామని ఇది.

ముందు ఒక కన్ఫ్యూజన్ తీసేద్దాం. అక్కడ ఆఫ్రికా పేరుతో స్మిత్సోనియన్ (డీసీలో బోలెడు మ్యూజియంలు నడిపే సంస్థ) వాళ్లవి రెండు మ్యూజియంలున్నాయి. వాషింగ్టన్ మాన్యుమెంట్ దగ్గర మూడు వరసల కిరీటంలా ముదురు రాగి రంగులో కనిపించేది 2016లో తెరిచిన ఆఫ్రికన్ అమెరికన్ హిస్టరీ అండ్ కల్చర్ మ్యూజియం. అది అమెరికాకి బానిసలుగా పట్టుకొచ్చిన వాళ్ల కథ, వాళ్ల పిల్లల పిల్లల కథ, దానికి ఫ్రీ పాస్ ముందే తీసుకోవాలి, ఒక రోజు చాలదు కూడా. నేను చెప్పేది అది కాదు. ఇది నేషనల్ మ్యూజియం ఆఫ్ ఆఫ్రికన్ ఆర్ట్, ఇండిపెండెన్స్ అవెన్యూ మీద ఉంటుంది, ఆఫ్రికా ఖండంలో పుట్టిన కళ కోసం పెట్టింది. టికెట్ లేదు, పాస్ లేదు, డిసెంబర్ 25 తప్ప రోజూ పొద్దున 10 నుంచి సాయంత్రం 5:30 దాకా. అయినా వెళ్లే ముందు వాళ్ల వెబ్‌సైట్ ఒకసారి చూసుకోండి, ఎగ్జిబిషన్లు మారుతుంటాయి, కొన్ని గ్యాలరీలు అప్పుడప్పుడు మూసేస్తారు. నేను కింద చెప్పే వస్తువులన్నీ మీరు వెళ్లిన రోజు అక్కడ కనపడాలని రూలేం లేదు, కానీ చూసే పద్ధతి మాత్రం దేనికైనా పనికొస్తుంది.

వెళ్లడం సింపుల్. మెట్రో సిల్వర్ లైన్ 2022 నవంబర్ నుంచి మన వర్జీనియా వైపు ఆష్‌బర్న్ దాకా వచ్చేసింది కాబట్టి కారు తీసి పార్కింగ్ కోసం చుట్లు కొట్టక్కర్లేదు, నేరుగా స్మిత్సోనియన్ స్టేషన్‌లో దిగి ఇండిపెండెన్స్ అవెన్యూ వైపు ఎగ్జిట్ పట్టుకోండి, నేషనల్ మాల్ (షాపింగ్ మాల్ కాదు, మ్యూజియంల మధ్య పెద్ద పచ్చిక మైదానం) వైపు ఎక్కితే పెద్దవాళ్లకి అనవసరంగా ఇంకాస్త నడక. రైలు గంట పైచిలుకే కాబట్టి పులిహోర ఏదైనా కట్టుకెళ్లండి, ఎక్కేముందో దిగాకో తినండి (మెట్రోలో తినకూడదు, మా మామయ్య గారు జంతికల ప్యాకెట్ విప్పబోతే ఆపాల్సొచ్చింది), లోపలికి వెళ్లాక తిండి గురించి ఆలోచించకుండా ఉండేంత తినండి చాలు.

బయట నుంచి చూస్తే ఇంత చిన్నదా అనిపిస్తుంది. మోసపోకండి, పైన ఉన్నది గుమ్మం మాత్రమే, మ్యూజియం దాదాపు అంతా భూమి కిందే ఉంది. పైన హాప్ట్ గార్డెన్ అనే తోట, ఆ తోట కింద ఇటు ఆఫ్రికా అటు ఆసియా మ్యూజియం, ఈ భవనాలు రెండూ 1987లో తెరిచారు. ఆసియా వాళ్ల గుమ్మం మీద పిరమిడ్ కప్పులు, ఆఫ్రికా వాళ్లకి గుండ్రటి గుమ్మటాలు, అలా గుర్తుపెట్టుకుంటే తప్పు గుమ్మంలోకి వెళ్లరు. లోపల లిఫ్ట్ ఉంది, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు మెట్లు చూసి భయపడక్కర్లేదు.

ఇంక లోపలికెళ్లే ముందు రెండు నిమిషాలు ఆ మ్యూజియం ఎందుకు పుట్టిందో పెద్దవాళ్లకి చెప్పండి, ఎందుకంటే అది తెలియకపోతే వస్తువులన్నీ ఎగ్జిబిషన్ గ్రౌండ్‌లో పెట్టిన బొమ్మల్లాగే ఉంటాయి. వారెన్ రాబిన్స్ అని ఒకాయన, అమెరికా విదేశాంగ శాఖలో పనిచేసి వచ్చినవాడు, 1964లో దీన్ని మొదలుపెట్టాడు, అప్పటికి ఆయన ఆఫ్రికాకి ఒక్కసారి కూడా వెళ్లలేదు, ఏ మ్యూజియంలోనూ పనిచేయలేదు. పెట్టింది ఎక్కడో తెలుసా, ఫ్రెడరిక్ డగ్లస్ ఒకప్పుడున్న ఇంట్లో. డగ్లస్ అంటే బానిసగా పుట్టి తప్పించుకుని, బానిసత్వం పోవాలని దేశమంతా తిరిగి మాట్లాడిన మనిషి. సంవత్సరం కూడా చూడండి, అమెరికాలో జాతి వివక్షని నిషేధించిన సివిల్ రైట్స్ యాక్ట్ వచ్చింది కూడా 1964లోనే. నల్లవాళ్లకి చరిత్ర లేదు, సంస్కృతి లేదు అని బడి పుస్తకాల్లో చదువుకుని పెరిగిన ఊళ్లో, వీళ్ల పూర్వీకులు చేసినవి ఇవిగో అని తెచ్చి పెట్టడమే ఆ మ్యూజియం మొదటి ఉద్యోగం. 1979లో అది స్మిత్సోనియన్‌లో కలిసింది, 1981లో ఇప్పటి పేరొచ్చింది.

ఇప్పుడు చూడటం. లోపలికి వెళ్లగానే మన అలవాటు ఏంటంటే ఒక్కో గ్లాసు పెట్టె ముందు మూడు సెకన్లు నిలబడి ఫోటో తీసి తర్వాతదానికి వెళ్లడం. అలా చూస్తే అరగంటలో అయిపోతుంది, ఇంటికొచ్చాక ఫోన్‌లో నూట యాభై ఫోటోలు, ఒక్కటి దేనిదో గుర్తుండదు. నేను చెప్పేది ఒకటే, ఏడెనిమిది వస్తువులు ఎంచుకోండి, మిగతావి వదిలేయండి, పర్లేదు. ప్రతిదాని ముందు ఒక ప్రశ్న వేసుకోండి: దీన్ని ఎవరు, ఎప్పుడు, ఏం చేస్తూ వాడారు?

మాస్కులతో మొదలుపెట్టండి, ఎందుకంటే అందరూ తప్పుగా చూసేవి అవే. మా మామయ్య గారు మొదటి మాస్కు చూసి "దిష్టిబొమ్మలా ఉందిరా" అన్నారు. తప్పేం కాదు, గోడకి తగిలించి లైటు వేస్తే ఏదైనా అంతే. నేను ఆయన్ని ఒకటి అడిగా, మన తోలుబొమ్మని తీసుకెళ్లి అద్దాల పెట్టెలో పెడితే ఏముంటుంది మామయ్యా, తెర లేదు, వెనక దీపం లేదు, పాట లేదు, బంగారక్క కేతిగాడి వెక్కిరింపుల్లేవు, రంగులద్దిన తోలు ముక్క అంతే కదా అని. ఆయనకి వెంటనే ఎక్కింది. మాస్కు కూడా అంతే, దానికింద ఒళ్లంతా కప్పే నార బట్టలుంటాయి, డప్పులుంటాయి, ఊరంతా చుట్టూ ఉంటుంది, వేసుకున్న మనిషి ఆ కాసేపు మనిషి కాదు. సియెరా లియోన్ వైపు మెండే వాళ్ల నల్లటి శిరస్త్రాణం లాంటి మాస్కు కనపడితే తప్పకుండా ఆగండి, నున్నగా మెరుస్తూ, మెడ దగ్గర మడతలు, నెత్తిన ఎంతో ఓపిగ్గా చెక్కిన జడలు, అది ఆడవాళ్లు వేసుకునేది, సాండే అనే ఆడవాళ్ల సంఘం ఆడపిల్లల్ని పెద్దవాళ్లని చేసే వేడుకలో. ఆఫ్రికాలో ఎక్కువ చోట్ల మాస్కు మగవాడే కడతాడు కాబట్టి ఇది ప్రత్యేకం. మ్యూజియం ఆ డాన్స్ వీడియో పక్కన పెడితే వీడియో ముందు చూసి తర్వాత వస్తువు చూడండి, ఆర్డర్ తిరగేస్తే చాలా తేడా వస్తుంది.

మాలిలో బమానా రైతుల చి వారా అని ఒకటుంటుంది, జింక కొమ్ములున్నట్టు చెక్కతో చేసిన తలపాగా లాంటిది, మగది ఒకటి ఆడది ఒకటి జంటగా ఆడతారు. భూమి దున్నడం మనుషులకి నేర్పింది ఆ జీవే అని వాళ్ల కథ. పిల్లలకి దీన్ని చూపిస్తూ మన ఏరువాక గురించి చెప్పండి, ఎద్దుల కొమ్ములకి రంగులేసి పూజ చేస్తాం కదా, అదే టైపు. మావాడు వెంటనే "అయితే వీళ్లకీ సంక్రాంతి సెలవులుంటాయా" అన్నాడు, ఏం చెప్పను.

తర్వాత మేకుల బొమ్మ. కాంగో వాళ్లది, ఎంకిసి ఎంకొండి అంటారు, చెక్క మనిషి, ఒంటినిండా ఇనప మేకులూ బ్లేడులూ దిగేసి ఉంటాయి, కళ్లు తెరిచి నీ మీదకే వస్తున్నట్టుంటుంది. సినిమాలు చూసి పెరిగిన మనకి ఇది చేతబడి అని టక్కున అనిపిస్తుంది, యూరప్ మిషనరీలు కూడా అలాగే అనుకుని చాలావాటిని తగలబెట్టారు, కొన్నిటిని పట్టుకెళ్లారు. అసలు సంగతేంటంటే ఒక్కో మేకు ఒక ఒప్పందం. ఇద్దరి మధ్య గొడవ తెగితే, ఒట్టు వేస్తే, మాట ఇస్తే, దాని ముందు ఒక మేకు దిగేస్తారు, మాట తప్పితే ఆ శక్తి వెతికి పట్టుకుంటుంది అని. కాణిపాకం వినాయకుడి దగ్గర ప్రమాణం చేయించడం తెలిసిన జనానికి దీన్ని వివరించడం రెండు నిమిషాల పని. ఒంటి మీద ఎన్ని మేకులుంటే అంత పని చేసిన దేవుడన్నమాట, ఊరి కోర్టు రికార్డు అనుకోండి. పొట్ట దగ్గర ఒక చిన్న పెట్టెలాంటిది ఉంటుంది, మందులు, మట్టి అవీ దాంట్లో పెడతారు, అది లేకపోతే బొమ్మ ఉత్త చెక్కే. మనకి ప్రాణప్రతిష్ఠ అయ్యేదాకా విగ్రహం రాయే కదా.

ఇలాంటి చోట్లే మ్యూజియం పనేంటో తెలుస్తుంది నాకు. వస్తువు దాచిపెట్టడం చిన్న పని, గోడౌన్ కూడా చేస్తుంది. ఊరి నుంచి విడదీసి తెచ్చినదానికి ఆ ఊరిని మళ్లీ ఎంతో కొంత తెచ్చి పక్కన పెట్టడం అసలు పని. ఆ పని కొన్ని పెట్టెల దగ్గర బాగా చేశారు, కొన్నిటి దగ్గర రెండు లైన్లు రాసి వదిలేశారు, ఉన్నమాట చెప్పాలి.

అందుకే లేబుల్ చదవడం నేర్చుకోండి. నాలుగు సంగతులు చూడాలి. ఒకటి, జనం పేరు, దేశం పేరు కాదు. యోరుబా, అసాంతే, కాంగో అలా (కాంగో అనేది దేశం పేరే కాదు, ఒక జనం పేరు కూడా). ఆఫ్రికాలో 54 దేశాలున్నాయి, ఒక్కో దేశంలో ఎన్నో భాషలు, ఆఫ్రికా వాళ్లు ఇలా చేస్తారు అనడం ఆసియా వాళ్లు ఇడ్లీ తింటారు అన్నట్టుంటుంది. అక్కడే ఇథియోపియా శిలువలు కనపడితే చూడండి, ఆ దేశంలో క్రైస్తవం నాలుగో శతాబ్దం నుంచీ ఉంది, యూరప్‌లో చాలా దేశాల కంటే ముందు. రెండు, చేసినవాడి పేరు. ఎక్కువ చోట్ల ఆర్టిస్టు పేరు తెలియదు అనుంటుంది, పేరు లేక కాదు, పట్టుకెళ్లినవాడు అడగలేదు అంతే. మూడు, ఎవరిచ్చారు. వాల్ట్ డిస్నీ టిష్‌మన్ కలెక్షన్ అని చాలా చోట్ల కనపడుతుంది, పాల్ టిష్‌మన్ అనే బిల్డర్ పోగేసినవి డిస్నీ కంపెనీ 1984లో కొని, 2005లో 525 వస్తువులు ఈ మ్యూజియంకి ఇచ్చేసింది, అవును, మన పిల్లల మిక్కీ మౌస్ డిస్నీయే. నాలుగు, కింద చిన్న నంబర్. మొదటి అంకెలు ఆ వస్తువు మ్యూజియంకి వచ్చిన సంవత్సరం, 2005తో మొదలైతే డిస్నీ లాట్ అయ్యుండొచ్చు. ఈ నంబర్ ఆట మా అబ్బాయికి తెగ నచ్చింది, వస్తువులకంటే అదే ఎక్కువ చూశాడు.

పేరు తెలిసిన శిల్పి ఒకాయన గురించి చెప్పకపోతే నాకు తోచదు, ఓలోవె ఆఫ్ ఇసే, యోరుబా రాజుల దగ్గర పనిచేసినవాడు, 1938లో పోయాడు. ఆయన చెక్కిన గిన్నె ఒకటి ఈ మ్యూజియం దగ్గరుంది. మోకాళ్ల మీద కూర్చున్న ఆడమనిషి గిన్నె పట్టుకుని ఉంటుంది, గిన్నె కింద చుట్టూ చిన్న చిన్న మనుషులు, ఆ మనుషుల మధ్య ఖాళీలో ఒక తలకాయ విడిగా దొర్లుతూ ఉంటుంది, బయటికి మాత్రం రాదు. అతికించింది కాదు, ఒకే చెక్కలోంచి లోపలే చెక్కాడు. మన గుళ్లలో యాళి నోట్లో రాతిబంతి తిరుగుతుంది, వేలుపెట్టి కదపొచ్చు గానీ బయటికి తీయలేం, చూసుంటారు కదా, అదే పనితనం చెక్కలో. మామయ్య గారు దాని చుట్టూ మూడుసార్లు తిరిగారు, ప్రదక్షిణ అయింది ఇంక పదండి అన్నా.

బెనిన్ ఇత్తడి పనుల దగ్గర మాత్రం కాస్త తీరిగ్గా ఉండండి, ఒకవేళ ఆ రోజు పెట్టెల్లో ఏమీ లేకపోయినా ఈ కథ తెలుసుకుని వెళ్లండి. ముందు పేరు. ఇది బెనిన్ దేశం కాదు. బెనిన్ రాజ్యం ఇప్పటి నైజీరియాలో బెనిన్ సిటీ చుట్టూ ఉండేది, దాని రాజుని ఓబా అంటారు, ఇప్పటికీ ఉన్నారు. పక్కనున్న బెనిన్ దేశానికి 1975 దాకా దహోమీ అని పేరు. న్యూస్‌లో ఫ్రాన్స్ 2021లో 26 వస్తువులు తిరిగిచ్చింది అని వచ్చింది చూడండి, అవి ఈ దహోమీ రాజులవి, వేరే కథ, చాలామంది కలిపేస్తారు.

ఓబా కోటలో స్తంభాలకి ఇత్తడి పలకలు బిగించేవాళ్లు, రాజులు, సేనానులు, పోర్చుగీసు వర్తకులు, అంతా దానిమీదే, రాసిన చరిత్ర బదులు పోత పోసిన చరిత్ర. మైనంతో రూపం చేసి, మీద మట్టి పూసి, కాల్చి మైనం కరిగించేసి, ఆ ఖాళీలో కరిగిన లోహం పోసే పద్ధతి, మన ఆదిలాబాద్ ఓజాలు డోక్రా బొమ్మలు చేసేది కూడా ఇలాగే. 1897లో బ్రిటిష్ సైన్యం ఆ ఊరి మీద పడి, తగలబెట్టి, ఓబాని కలబార్ అనే ఊరికి పంపేసి, వేల వస్తువులు ఎత్తుకెళ్లి అమ్ముకుంది. అలా ప్రపంచమంతా చెదిరాయి, డీసీకీ వచ్చాయి.

స్మిత్సోనియన్ 2022లో ఒక పాలసీ పెట్టుకుంది, చట్టం ప్రకారం మాదే అయినా, మొదట తెచ్చిన తీరు అన్యాయమైతే తిరిగి ఇవ్వొచ్చు అని. ఆ అక్టోబర్‌లోనే ఈ మ్యూజియంలో ఫంక్షన్ పెట్టి 29 బెనిన్ వస్తువుల హక్కు నైజీరియాకి రాసిచ్చేశారు, కొన్ని అప్పుగా ఇక్కడే ఉంచుకున్నారు. అప్పుగా అన్న మాట గమనించండి, వస్తువు కదలకపోయినా ఓనర్ మారాడు. ఆ మరుసటి ఏడాది నైజీరియా ప్రభుత్వం తిరిగొచ్చిన వాటికి యజమాని ఓబాయే అంది, దాంతో మ్యూజియంలో పెడతారా కోటలో పెడతారా అని కొత్త చర్చ. నా వరకు, ఇంటివాడికి ఇచ్చేశాక వాడు ఎక్కడ పెట్టుకుంటే మనకెందుకు.

అసలు తిరిగిచ్చే పని వీళ్లకి కొత్తేం కాదు. కామెరూన్‌లో కోమ్ అనే రాజ్యంలో అఫో ఎ కోమ్ అని పూసలు తాపడం చేసిన చెక్క విగ్రహం 1966లో దొంగిలించబడి న్యూయార్క్‌లో తేలితే, దాన్ని 1973లో వెనక్కి పంపడంలో రాబిన్స్ చేయి ఉంది.

ఇదంతా బెంచీ మీద కూర్చుని చెప్తుంటే మామయ్య గారు ఒక్క మాట అన్నారు, "మరి మన అమరావతివి?" అమరావతి స్తూపం సున్నపురాతి శిల్పాలు నూటికి పైగా లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి, 1859లో ఓడెక్కాయి, ఇంకొన్ని చెన్నై ఎగ్మోర్‌లో. బ్రిటిష్ మ్యూజియం దగ్గర బెనిన్‌వి కూడా 900 పైనే. అక్కడ 1963 చట్టం ఒకటి ఉంది, దాంతో బోర్డు తమ దగ్గరున్న వస్తువులు ఇచ్చేయడం దాదాపు కుదరదు. స్మిత్సోనియన్‌కి కుదిరినది వాళ్లకి ఎందుకు కుదరలేదో అర్థమవ్వాలంటే ఈ తేడా తెలియాలి. మామయ్య గారు చట్టాలు మార్చడానికి ఎంతసేపు పడుతుందని గొణిగారు, నేను వాదించలేదు.

పాతవి చూసి అలిసిపోయాక ఇప్పటి ఆర్టిస్టుల వైపు వెళ్లండి, చాలామంది ఇక్కడికొచ్చేసరికి ఓపిక అయిపోయి వదిలేస్తారు, నన్నడిగితే టైమ్ తక్కువుంటే పాతవి తగ్గించుకోండి. ఆఫ్రికా కళ అంటే మ్యూజియంలో చచ్చిపోయినది కాదని చూపించడం కూడా వీళ్ల పనే. ఘనాలో పుట్టి నైజీరియాలో పనిచేసిన ఎల్ అనత్సుయి అనే ఆయన సీసా మూతల్ని చదునుచేసి రాగి తీగతో కుట్టి గోడంత పెద్ద తెరలు చేస్తాడు, దూరం నుంచి జరీ చీర ఆరేసినట్టు, దగ్గరికెళ్తే మందు సీసాల మూతలు. ఇంకోటి, యింకా షోనిబరె అనే ఆర్టిస్టు చేసిన విండ్ స్కల్ప్చర్, 2016లో మ్యూజియం గుమ్మం బయట పెట్టారు, గాలికి ఉబ్బిన తెరచాపలా రంగురంగులుగా. ఆ బట్ట డిజైన్ చూసి ఆఫ్రికా బట్ట అనుకుంటారు, కానీ ఆ అచ్చు ఇండోనేసియా బాతిక్‌ని చూసి డచ్చివాళ్లు మిషన్ మీద చేసి పశ్చిమ ఆఫ్రికాలో అమ్మింది, జనం దాన్ని తమది చేసుకున్నారు.

బట్ట దగ్గరికొచ్చాం కాబట్టి, మామయ్య గారిది చీరాల, మగ్గాల చప్పుడులో పెరిగిన మనిషి. చీరాల తేలియా రుమాళ్లు అరబ్ దేశాలకీ ఆఫ్రికాకీ వెళ్లేవని ఆయన చిన్నప్పటి నుంచీ విన్నదే, కానీ అక్కడ దాన్ని ఏం చేసేవాళ్లో ఎప్పుడూ తెలియదు. నైజీరియా డెల్టాలో కలబారి వాళ్లు మన వైపు మద్రాసు గళ్ల బట్టని ఇంజిరి అంటారు, అసలైన ఇండియాది అని, దాన్ని తరాలుగా పెట్టెల్లో దాచుకుంటారు, పెళ్లికీ చావుకీ తీస్తారు. అంతే కాదు, వాళ్ల ఆడవాళ్లు ఆ గళ్లలోంచి కొన్ని దారాలు బ్లేడుతో కోసి తీసేసి కొత్త డిజైన్ తెస్తారు, దాన్ని పెలెటె బిటె అంటారు. నేసినవాడు పెట్టిన దారం కొన్నవాడు తీసేసి తనది చేసుకోవడం. మామయ్య గారు చాలాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత "ఏ దారం తీస్తారు, పేకా పడుగా?" అని అడిగారు. నాకు తెలియదు. మ్యూజియంకి రాబిన్స్ పేరు మీద లైబ్రరీ ఉంది, ముందుగా అపాయింట్‌మెంట్ తీసుకుని వెళ్తే ఇలాంటి ప్రశ్నలకి మనుషులు దొరుకుతారు, వచ్చేసారి ఆ పనే పెట్టుకున్నా.

చివరగా పిల్లల్తో వెళ్లేవాళ్లకి, ఫోన్ ఇవ్వకండి, చిన్న నోట్‌బుక్కూ పెన్సిలూ ఇవ్వండి (పెన్ను వద్దు, గ్యాలరీలో ఊరుకోరు), ఒక్క వస్తువు బొమ్మ గీయమనండి. ఫోటోలు తీసుకోవచ్చు, ఫ్లాష్ మాత్రం ఆపేయండి. హైదరాబాద్ వాళ్లయితే ఏసీ గార్డ్స్ ఏరియా పేరు ఎక్కడ్నుంచి వచ్చిందో అడగండి, ఏసీ అంటే ఎయిర్ కండిషనర్ కాదు, నిజాం దగ్గరున్న ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్, మావాడికి ఈ ఒక్కటీ చెప్పాక మిగతా రోజంతా అదే చెప్పుకుని తిరిగాడు. రెండున్నర గంటలకి మించి ఉండకండి, మధ్యలో ఒకసారి పైకొచ్చి తోటలో కూర్చోండి, మళ్లీ లోపలికి వెళ్లడానికి ఎలాగూ డబ్బులక్కర్లేదు.